సంకర జాతి పశువులలో సంకలిత, బహిర్గతత్వ ప్రభావాల అంచనా

ఒంగోలు ఆవుకు జెర్సీ వీర్యం వేయిస్తే పుట్టిన పెయ్య పెరిగి బాగా పాలిస్తుంది. దానిని అలాంటి సంకర జాతి ఆబోతుతోనే కట్టిస్తే పుట్టే పెయ్యలు సాధారణంగా తల్లి అంత పాలివ్వవు. రైతు మేపును అనుమానిస్తాడు, లేదా ఆబోతును తప్పుపడతాడు. కారణం ఆ రెండూ కాకపోవచ్చు.

ఒక్కొక్క యుగ్మవికల్పకం విడిగా చేకూర్చే విలువల మొత్తాన్ని సంకలిత ప్రభావం అంటారు. విషమయుగ్మజం విలువ రెండు సమయుగ్మజాల సగటు నుంచి ఎంత తొలగి ఉంటే అది బహిర్గతత్వ ప్రభావం. సంతానానికి యుగ్మవికల్పకాలు ఒక్కొక్కటిగానే అందుతాయి, జతలుగా కాదు. అందువల్ల సంకలిత ప్రభావం సంక్రమిస్తుంది. బహిర్గతత్వం ప్రతి తరంలోనూ కొత్తగా ఏర్పడవలసిందే.

లెక్క కోసం ఊహించిన అంకెలు తీసుకుందాం. ఒక ఈతలో పాల దిగుబడి ఒంగోలుకు 700 కిలోలు, జెర్సీకి 2100 కిలోలు, మొదటి తరం సంకరానికి 1700 కిలోలు అనుకోండి. జనక జాతుల సగటు 1400. జాతుల మధ్య తేడాలో సగం, అంటే 700, సంకలిత ప్రభావం. సంకరం సగటును మించిన 300 కిలోలు బహిర్గతత్వం వల్ల వచ్చినవి. దీనినే సంకర తేజం అంటాం.

మొదటి తరంలో ప్రతి జన్యుస్థానంలోనూ ఒంగోలు నుంచి ఒకటి, జెర్సీ నుంచి ఒకటి ఉంటాయి. రెండవ తరంలో అలాంటి స్థానాలు సగమే. కాబట్టి సంకర తేజం 150కి తగ్గి, దిగుబడి 1550 అవుతుంది. రైతు చూసిన తగ్గుదల ఇదే. ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడతారు: మూడవ తరంలో అది 75 కాదు. యాదృచ్ఛిక సంపర్కంలో విషమయుగ్మజాల నిష్పత్తి స్థిరంగా ఉంటుంది కనుక 150గానే నిలుస్తుంది. దగ్గరి బంధువుల మధ్య సంపర్కం జరిగితే మాత్రం ఇంకా తగ్గుతుంది. వాస్తవ దిగుబడి 1550 కన్నా బాగా తక్కువైతే, వేర్వేరు స్థానాల్లోని జన్యువుల పరస్పర చర్యను కూడా పరిశీలించాలి.

ఈ అంచనా ఎంత నమ్మదగినదో దత్తాంశాన్ని బట్టి ఉంటుంది. సంకర ఆవులను ఫారంలో దాణా పెట్టి, ఒంగోలు ఆవులను ఊళ్లో గడ్డి మీద మేపి పోలిస్తే, దాణా తేడా కూడా జన్యువుల ఖాతాలో పడిపోతుంది. అన్ని వర్గాలనూ ఒకే మందలో, ఒకే కాలంలో, ఒకే ఈత సంఖ్య వద్ద పోల్చాలి.

ఆబోతు ఎంపికలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మొదటి తరం తల్లి ఇచ్చిన 1700 కిలోలు చూసి దాని కోడెదూడను ఆబోతుగా ఉంచుకునే రైతు, అందులో 300 కిలోలను లెక్క నుంచి తీసివేసి చూడాలి.