లేచెడి కప్పు – దాని గుడ్డ

మోటారు వాహనమునే తాత్కాలిక గృహముగ మార్చుకొని దేశసంచారము చేయు అలవాటు ఐరోపా ఖండమున విశేషముగ కలదు. అట్టి బండ్లలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినది జర్మనీ దేశపు వోక్స్‌వాగన్ రెండవ రకపు వాను. బెన్ పోన్ అను డచ్చి వర్తకుడు 1947లో తన చేతిపుస్తకమున గీచికొన్న చిన్న రేఖాచిత్రము దీనికి మూలము. 1950 మార్చిలో వోల్ఫ్స్‌బర్గ్ కర్మాగారమున దీని ఉత్పత్తి ఆరంభమైనది. మరుసటి యేడే వెస్ట్‌ఫాలియా అను సంస్థ దీనిలో పడక, బీరువా, వంటకు వలయు సరంజామా అమర్చి విక్రయింపసాగినది. 1960, 70 దశాబ్దులలో ఇట్టి వానులు కొన్ని టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తానముల మీదుగా మన ఢిల్లీ వరకును, గోవా వరకును వచ్చినవి. 1979 నాటి రాజకీయ సంక్షోభములతో ఆ బాట మూతపడినది.

ఇట్టి బండిలో ఒక చిక్కు కలదు: లోపల నిటారుగ నిలువ వీలులేదు. కప్పును శాశ్వతముగ ఎత్తుచేసినచో గాలి దెబ్బకు బండి ఊగును, కొట్టములోనికి పట్టదు. కావున బండి ఆగినప్పుడు మాత్రమే లేచెడి కప్పును కనిపెట్టిరి. పైన గట్టి మూత, చుట్టును కాన్వాసు గోడ. మూత కొన్నిటిలో ముందు వైపునను, కొన్నిటిలో వెనుక వైపునను మడతబందులపై తిరుగును. ఇంగ్లండులోని ఫోక్‌స్టన్ పట్టణమున తయారైన డార్మొబైల్ బండ్లలో ప్రక్కకు తెరచుకొనును. ఏ విధముగ తెరచుకొన్నను, ఆ బండ్లలో ముందుగ వృద్ధాప్యము వచ్చునది గుడ్డకే.

నూలు కాన్వాసు వాన నీటిని ఎట్లు ఆపుచున్నదో తెలిసికొన్నగాని దాని మరమ్మతు బోధపడదు. దట్టముగ నేసిన గుడ్డలో పడుగు దారములకును పేక దారములకును నడుమ సూక్ష్మమైన సందులుండును. నూలు నీటిని పీల్చి ఉబ్బును. ఉబ్బిన దారములు ఆ సందులను మూసివేయును. మిగిలిన కొంచెపు సందులలో నీటి తలబిగువు అడ్డుపడును. గుడ్డకు పట్టించిన మైనపు పూత దానికి తోడ్పడును. తడిసిన గుడారమును లోపలినుండి వ్రేలితో తాకరాదని పెద్దలు చెప్పుట ఇందువలననే. తాకినచోట ఆ బిగువు తెగి, నీరు లోనికి దారి తీయును.

ప్లాస్టిక్ పూత గల గుడ్డ చుక్క నీటినైన రానీయదు గదా, దానినే వాడరాదా యని కొందరడుగుదురు. అది నీటిని రానీయదు, పోనీయదు కూడ. నిద్రించు మనుష్యుని ఊపిరినుండియు, చర్మమునుండియు రాత్రి మొత్తమున సుమారు ఒక గ్లాసెడు నీరు ఆవిరియై వెలువడును. నలుగురు పండుకొన్న బండిలో ఆ ఆవిరి చల్లని ప్లాస్టిక్‌పై నీరై, తెల్లవారుసరికి పైపడకలోని పిల్లలపై బొట్లు బొట్లుగ రాలును. నూలు గుడ్డ ఊపిరి పీల్చును. వెల యెక్కువైనను, బరువెక్కువైనను నూలు కాన్వాసే మేలని నా అభిప్రాయము. ఎండకు, శ్రమకు వెరచువారు మాత్రము కృత్రిమ దారము కలిపి నేసిన గుడ్డను ఎన్నుకొనవచ్చును.

పాత గుడ్డను మార్చవలెనా, బాగుచేయవలెనా యనునది మొదటి ప్రశ్న. మఱకలను చూచి భయపడ నక్కరలేదు. బూజు మచ్చలు తరచు పోవు. గుడ్డ బలముగ నున్నచో వానిని అట్లే యుంచుట మంచిది. బట్టలసోడా, బ్లీచింగు పొడి వాడినచో మచ్చతోబాటు మైనపు పూతయు, దారపు సత్తువయు పోవును. చల్లని నీరు, మెత్తని కుంచె చాలును. గుడ్డను రెండు చేతుల బొటనవ్రేళ్లతో పట్టి లాగి చూడుడు. కాగితమువలె చిరిగినచో ఎండయు, బూజును దాని నారను తినివేసినవని అర్థము. అట్టి గుడ్డకు అతుకు వేయుట వృథా. అతుకు ప్రక్కననే మరల చిరుగును.

క్రొత్తది కుట్టునపుడు పాతదానిని విప్పి ముక్కలుగ పరచి, కొలతలు తీసికొనవలెను. కాని దానిని పూర్తిగ నమ్మరాదు. ఏండ్ల తరబడి ఒకచోట ముడుచుకొని, మరియొకచోట సాగి యుండును. కప్పును లేపి, చట్రముపై కొలిచిన కొలతలతో సరిచూచుకొనుట క్షేమము. కుట్టుటకు పాలియెస్టరు నడిమి పోగుపై నూలు చుట్టిన దారము శ్రేష్ఠము. లోపలి పోగు బలమిచ్చును. పై నూలు తడిసి ఉబ్బి, సూది చేసిన రంధ్రమును పూడ్చును. ముక్కలు కలియుచోట అంచులను ఒకదానిలో నొకటి మడచి రెండు వరుసలు కుట్టవలెను. పై ముక్క అంచు, ఇంటిమీది పెంకులవలె, క్రింది ముక్కపైకి దిగియుండవలెను. తలక్రిందుగ కుట్టినచో ఆ మడతయే నీటికి కాలువ యగును. కిటికీలకు దోమతెర మరువరాదు.

గుడ్డకన్న ముఖ్యమైనది దాని క్రింది ఇనుము. కప్పును కోసినచోట బండి కొంత బలమును కోల్పోవును. ఆ లోపమును తీర్చుటకే రంధ్రము చుట్టును బలమైన చట్రము అమర్చియుందురు. దశాబ్దముల తేమకు ఆ చట్రమే తుప్పు పట్టును. రంగు క్రింద పొక్కులు కనబడినచో గీకి, మంచి రేకు తగులువరకు పోవలెను. రంధ్రములు పడినచో వెల్డింగు చేయించవలెనే గాని పుట్టీతో పూడ్చి రంగు వేయరాదు. ప్రమాదము జరిగినప్పుడు లోపలివారి తలలు కాచునది పుట్టీ కాదు. మూతను దించునపుడు తోడు మనిషి తప్పనిసరి. బిగువు మీదనున్న స్ప్రింగులు విప్పుటకు ముందే మూతకు గట్టి ఊతకఱ్ఱలు పెట్టవలెను.

బిగించుటలో ఒకటే రహస్యము కలదు. మూలనుండి మొదలిడరాదు. గుడ్డ నాలుగు వైపుల నడిమి గుర్తులను, చట్రపు నడిమి గుర్తులతో కలిపి, తాత్కాలికముగ పట్టించి, అక్కడనుండి ఇరుప్రక్కలకు సరిదిద్దుచు పోవలెను. ముడుతలు మూలలకు చేరి, అక్కడ సర్దుకొనును. కొన్ని నమూనాలలో చెక్కబద్దలకు, కొన్నిటిలో అల్యూమినియము పట్టీలకు గుడ్డను బిగించుదురు. మేకులును, మరమేకులును స్టెయిన్‌లెస్ ఉక్కువే కావలెను. మామూలు ఇనుము తుప్పుపట్టి, ఆ తుప్పు తాకినంత మేర నూలును కొరికివేయును. కప్పు లేచినపుడు గుడ్డ బిగువుగ నుండవలెను. మూసినపుడు లోపలికి మడతపడవలెను. ఇందుకై గుడ్డ నడుమునకు లోపలివైపున సాగెడి త్రాడు కట్టుదురు. అది లేనిచో గుడ్డ వెలుపలికి పొంగి, మూతకును రబ్బరు పట్టీకిని నడుమ నలిగి, మొదటి ప్రయాణముననే చిరుగును.

అంతయు ముగిసిన పిదప గొట్టముతో వాన కురిసినట్లు నీరు చల్లి, పూర్తిగ ఆరనిచ్చి, మరల తడుపవలెను. మొదటి తడుపున కుట్ల వెంట కొంచెము నీరు కారును. అది చూచి మైనము తెచ్చి రాయ నారంభించుట తొందరపాటు. రెండు మూడు తడుపులలో నూలు ఉబ్బి, సందులు వానంతట అవే మూసికొనును. అప్పటికిని కారుచోట మాత్రమే మైనము రాయవలెను.

వానలో బయలుదేరవలసి వచ్చినచో కప్పును తడిగనే మూయక తప్పదు. ఎక్కునపుడే గొళ్లెములు రెండును పడినవో లేవో చేతితో లాగి చూడవలెను. వేగముగ పోవు బండిపై గాలి మూతను పైకెత్త జూచును. గమ్యము చేరిన వెంటనే, ఆనాడే, తప్పినచో మరునాడు ఉదయముననే కప్పును లేపి, కిటికీ తెరలు విప్పి, గుడ్డను మడతల లోపలివరకు ఆరనీయవలెను.