ఇంటి పిల్లి కూడా ఒక అమానతే

  

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో కొబ్బరితోటల మధ్య నివసించేవారికి ఎలుకల బెడద కొత్త కాదు. చెట్టు మీది కాయనూ, ఇంట్లోని బియ్యం బస్తానూ అవి వదలవు. కనుక పిల్లిని మనం చాలావరకు మన అవసరం కోసమే ఇంట్లోకి రానిస్తాం. అవసరం తీరగానే దాని సంగతి మరచిపోతాం. ఈ శుక్రవారం మనం మాట్లాడుకోవలసింది ఆ మరపు గురించే.

అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒక స్త్రీ పిల్లిని బంధించి, అది చనిపోయే వరకూ ఆహారం పెట్టలేదు. నేల మీద తిరిగే పురుగూ పుట్రా తిని బతకడానికైనా దాన్ని విడువలేదు. ఆ కారణంగా ఆమె నరకశిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆమె పిల్లిని కొట్టిందని ఆ హదీసులో లేదు. ఆమె ముందు రెండు మార్గాలున్నాయి: పోషించడం, లేదా విడిచిపెట్టడం. రెండింటినీ ఆమె మూసివేసింది.

మరి మనం చేస్తున్నదేమిటి? ఇంట్లో పుట్టిన కూనలను గోనెసంచిలో వేసి కాలువ అవతలో, చేపల బజారు దగ్గరో విడిచివస్తాం. బంధించలేదు కదా అని మనసుకు నచ్చచెప్పుకుంటాం. కళ్ళు తెరవని కూనకు ఆ స్వేచ్ఛ దేనికి పనికివస్తుంది? వేట ఎరుగని జీవికి కాలువగట్టూ, తాళం వేసిన గదీ ఒక్కటే. సంతానం పెరుగుతుందని భయమైతే పశువైద్యుని చేత శస్త్రచికిత్స చేయించే మార్గం ఉంది. ఈ విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉన్నా, తగిన అవసరం ఉండి, ప్రాణికి హాని కలగనప్పుడు పలువురు దీనిని అనుమతించారు. కూనలను గట్టున పారవేయడం కంటే ఇదే మేలని మేము భావిస్తున్నాం.

పిల్లి ముట్టిన నీటి గురించి మన ఇళ్ళలో తరచూ సందేహం వస్తుంది. అబూ ఖతాదా (రజి) వుజూ కోసం ఉంచిన నీటి దగ్గరకు పిల్లి వస్తే, అది తాగేందుకు వీలుగా ఆయన పాత్రను వంచారు. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూడగా, పిల్లి అపవిత్రమైనది కాదనీ, మన మధ్య తిరుగాడే వాటిలో ఒకటనీ దైవప్రవక్త (స) చెప్పిన మాటను ఆయన వినిపించారు. ఇది అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. వేరే నీళ్ళుంటే వాటినే వాడటం మంచిదని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. అయితే పిల్లి మూత్రం, మలం మాత్రం అపవిత్రాలే. అవి అంటిన బట్టను కడుక్కున్న తరువాతే నమాజు చేయాలి.

నిద్రిస్తున్న పిల్లిని లేపకుండా దైవప్రవక్త (స) తమ వస్త్రం చేతిని కత్తిరించారనే కథ మనలో బాగా ప్రచారంలో ఉంది. ప్రామాణిక హదీసు గ్రంథాల్లో అది కనిపించదు. ఆయన పేర చెప్పే మాట ఎంత అందంగా ఉన్నా, ఆధారం లేనిదే చెప్పకూడదు. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకోవడం కూడా మనది కాని నమ్మకమే. శకునాలను ఇస్లాం తిరస్కరించింది.

పోషణలో కొన్ని జాగ్రత్తలు అవసరం. మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర పిల్లికి విషం. విషం తిన్న ఎలుకను తిన్నా దాని ప్రాణం పోవచ్చు; కనుక పిల్లి తిరిగే ఇంట్లో ఎలుకల మందు పెట్టరాదు. పిల్లికి రేబీస్ టీకా వేయించాలి. అది కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపో సున్నమో పూసి ఊరుకోవడం ప్రాణాంతకం.

ఇక వరద మాట. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ గోదావరి పొంగి మన లంక గ్రామాలను ముంచెత్తింది. అటువంటి వేళ పడవ కోసం పరుగెత్తేవారు ఇంటికి తాళం వేయడం సహజం. లోపల పిల్లి ఉండి ఉంటే, ఆ హదీసులోని గది మన ఇల్లే అవుతుంది. వరద హెచ్చరిక రాగానే మూత ఉన్న బుట్ట ఒకటి సిద్ధం చేసుకోవాలి. పడవలో చోటు దొరకకపోతే, మనుషుల ప్రాణమే ముందు. అప్పుడు అటక మీద కొంత ఆహారం, మంచినీళ్ళు ఉంచి, పైకప్పు మీదికి వెళ్ళే దారి తెరిచి బయలుదేరాలి.