ఎదిగే ఆడపిల్ల ఎముకలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఎముకలు గుల్లబారడం ముసలితనపు జబ్బు; పదమూడేళ్ల పిల్లకు ఆ చింత అక్కర్లేదు.

వాస్తవం: వృద్ధాప్యంలో ఎముక ఎంత బలంగా నిలుస్తుందన్నది అప్పుడు కోల్పోయే ఖనిజం మీదనే కాక, ‘గరిష్ఠ అస్థి రాశి’ మీద, అంటే యౌవనం ముగిసేనాటికి ఎముకలు కూడబెట్టుకున్న అత్యధిక ఖనిజ పరిమాణం మీద కూడా ఆధారపడుతుంది. కెనడాలోని సస్కచెవాన్‌లో పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించగా, ఆడపిల్లల ఎముకల్లో ఖనిజం చేరే వేగం సగటున 12.5 ఏళ్ల ప్రాయంలో శిఖరాన్ని తాకుతుందనీ, దానికి అటూ ఇటూ ఉన్న రెండేళ్లలోనే పెద్దయ్యాక ఉండే ఖనిజంలో దాదాపు నాలుగో వంతు సమకూరుతుందనీ తేలింది. పెద్దమనిషి అయిందని చాలా ఇళ్లలో పిల్ల చేత ఆటలు మాన్పించేదీ సరిగ్గా ఈ వయసులోనే.

అపోహ: ఇంటి పనీ చేను పనీ చేసే పిల్లకు వేరే వ్యాయామం అనవసరం.

వాస్తవం: తెలంగాణలోని గార్ల చుట్టుపక్కల పల్లెల్లో, తండాల్లో పత్తి, మిర్చి ఏరడానికి వెళ్లే పిల్ల పొద్దంతా అలసిపోయే మాట నిజమే గానీ, ఎముక లెక్కించేది అలసటను కాదు. ఎముకలోనే పొదిగి ఉండే ఆస్టియోసైట్లనే కణాలు, బరువు పడినప్పుడు ఎముక సూక్ష్మంగా వంగడాన్ని పసిగట్టి, కొత్త ఎముకను నిర్మించమని ఇతర కణాలకు సంకేతం పంపుతాయి; ఆ ఒత్తిడి బలంగా, వేగంగా, దిశలు మారుతూ పడితే సంకేతం గట్టిగా వెళుతుంది, ఒకే తీరున సాగితే కొద్దిసేపటికే మందగించి, కొన్ని గంటల విరామం తర్వాత గానీ కోలుకోదు. అందువల్ల గంటల తరబడి వంగి చేసే పని కన్నా కాసేపటి ఖోఖో, కబడ్డీ, తాడాట, తొక్కుడుబిళ్ల ఎముకను ఎక్కువగా ఉత్తేజపరుస్తాయి. కెనడాలోనే వాంకూవర్ ప్రాంతపు బడుల్లో వారానికి మూడు రోజులు, రోజుకు పది నిమిషాల చొప్పున ఏడు నెలలు గెంతే వ్యాయామాలు చేయించగా, యౌవనపు తొలిదశలో ఉన్న బాలికలకు తొడ ఎముక మెడ దగ్గర, నడుము వెన్నుపూసల్లో తోటివారి కన్నా సుమారు 1.5 నుంచి 3 శాతం ఎక్కువ ఖనిజ లాభం కలిగింది. ఆ దశకు ఇంకా రాని చిన్నపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు. ఈత, సైకిలు గుండెకు మంచివే అయినా, ఒంటి బరువును నీరో సీటో మోస్తుంది కనుక ఎముకకు అంతగా అక్కరకు రావు. బతుకమ్మ ఆటలో అడుగు మెత్తనిది, పైగా అది ఏడాదికి తొమ్మిది రోజుల ముచ్చట. గెంతులూ మలుపులూ ఉన్న కోలాటం ఏడాది పొడవునా సాగితే అంతకన్నా మేలు.

అపోహ: గుంపుగా వ్యాయామం చేస్తేనే ఎముక గట్టిపడుతుంది.

వాస్తవం: పక్కన ఎవరున్నారో ఎముకకు తెలియదు. అయితే మానేస్తే లాభంలో కొంత కరిగిపోతుంది కనుక, ఒంటరిగా వారానికే విసిగిపోయే పిల్లను నెలల తరబడి నిలబెట్టే జట్టు విలువ తక్కువేమీ కాదు.

అపోహ: నెలసరిలో ఆడరాదు, గెంతితే ఎత్తు ఆగిపోతుంది.

వాస్తవం: రెండింటికీ ఆధారం లేదు. అసలు ప్రమాదం, కఠిన శిక్షణకు సరిపడా తిండి లేకపోవడంలో ఉంది. అప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి, నెలసరి ఆగి, ఆట వల్ల వచ్చిన ఎముకే చేజారుతుంది కనుక, వరుసగా మూడు నెలలు నెలసరి రాని క్రీడాకారిణిని వైద్యులకు చూపించాలి. ఇక తిండి సంగతికొస్తే, 13 నుంచి 15 ఏళ్ల బాలికకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుండగా, అన్నంలో అది బహు స్వల్పం, 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2023లో రాగిజావ మొదలుపెట్టడం ఆ లెక్కన మంచి ఆలోచనే గానీ, గ్లాసు జావలో పడే పిండి కొంచెమే కాబట్టి తక్కినది పాలు, పెరుగు, ఆకుకూరల నుంచి రావలసిందే.