బిళ్ళ గన్నేరు ఎవరి కోసం వండుతోంది?

పెరట్లో, గుడి ప్రహరీ పక్కన, నీళ్లు పోయకపోయినా పూసే బిళ్ళ గన్నేరు స్వస్థలం మడగాస్కర్. రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు దశాబ్దాలుగా ఇస్తున్న విన్‌క్రిస్టీన్, లింఫోమాకు వాడే విన్‌బ్లాస్టీన్ దీని ఆకుల్లోవే. ప్రకృతి మన కోసం దాచిపెట్టిన మందు అని మురిసిపోతుంటాం. పరిశోధన చెప్పేది వేరు. ఈ కోవ రసాయనాలను మొక్క తయారుచేసుకునేది తన రక్షణకే. వాటిలో మనకు పనికొచ్చేది రాబట్టాలంటే మొక్కను పొగిడితే చాలదు, దాని తయారీ తీరు అంచెలంచెలుగా తెలియాలి.

ఆ తీరు చిత్రమైనది. తొలి దశలు ఈనెల లోపలి కణాల్లో, తర్వాతివి ఆకు పైపొరలో, చివరివి మరికొన్ని ప్రత్యేక కణాల్లో జరుగుతాయి. స్ట్రిక్టోసిడిన్ అనే మూల పదార్థం కణంలోని రిక్తికలో ఉంటే, దాన్ని విడగొట్టే ఎంజైము కేంద్రకంలో ఉంటుంది. పురుగు కొరికి కణం చితికితే ఆ రెండూ కలిసి, ప్రోటీన్లను పాడుచేసే విషం పుడుతుంది. విన్‌బ్లాస్టీన్ కూడా రెండు భాగాల కలయికే. అందులో కాథరాంథీన్ ఆకు మీది మైనంలో చేరితే, విండోలీన్ లోపలి కణాల్లో ఉండిపోతుంది. ఇలా విడివిడిగా ఉన్నవి కలిసేది బహు కొద్దిగా. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టీన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి!

నాటు వైద్యానికి ఇదంతా ముందే తెలుసు కదా అనేవారున్నారు. సగమే నిజం. జమైకాలో ఈ ఆకు కషాయం మధుమేహానికి తాగేవారు. 1952లో అక్కడి ఆకులు కెనడా చేరాయి. వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ వాటి సారాన్ని ఎలుకలకు ఎక్కిస్తే చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. క్యాన్సర్ మందుకు దారి అక్కడ దొరికింది. సంప్రదాయం మొక్కను చూపించింది, దాని గుణాన్ని కాదు. షుగరు తగ్గుతుందని పొద్దున్నే ఈ ఆకులు నమిలేవారు ఏ ఆకులో ఏది ఎంతుందో తెలియకుండానే నములుతున్నారు.

విన్‌బ్లాస్టీన్ తయారీ దారిలో తెలియకుండా మిగిలిన ఎంజైములను 2018లో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ సెంటర్‌లో సారా ఓకానర్ బృందం పట్టుకుంది. 2022లో జే కీస్లింగ్ బృందం మొక్క జన్యువులను ఈస్టులో పెట్టి కాథరాంథీన్, విండోలీన్‌లను తయారుచేయించి, బయట రసాయనికంగా అతికించింది. ఇక ఆకు పండించే రైతు గతేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే ఈస్టు ఇచ్చింది లీటరుకు మైక్రోగ్రాముల్లోనే, పొలానికి ఇప్పట్లో ముప్పు లేదు. మందు కొరత కూడా దీనితోనే తీరిపోదు: 2019లో అమెరికాలో విన్‌క్రిస్టీన్ దొరకనిది ఆకులు లేక కాదు, ఇద్దరు తయారీదారుల్లో ఒకరు తప్పుకున్నందుకు. అసలు లాభం వేరే చోట ఉంది. విన్‌క్రిస్టీన్ వాడిన పిల్లలకు చేతుల్లో, కాళ్లలో నరాలు దెబ్బతింటాయి. ఆ అణువును మార్చుకోవాల్సిన అవసరం మొక్కకు లేదు. తయారీ దారి తెలిసినవారు మాత్రం ఏ అంచె దగ్గర మార్చితే ఆ బాధ తగ్గుతుందో వెతకగలరు.