బాతు కాలు చెప్పిన పాఠం

మన కవులు హంస నడకను మెచ్చుకొన్నారు. దాని దగ్గరి చుట్టమైన బాతుకు మాత్రం ఆ గౌరవం దక్కలేదు. అటూ ఇటూ ఊగుతూ నడిచేవారిని చూచి ‘బాతు నడక’ అని నవ్వుకొంటాము. అయితే చెరువులో దిగిన బాతును ఒక్క నిమిషం నిలబడి చూచినవారు ఆ నవ్వును మానుకొనక తప్పదు. దాని కాళ్లు శరీరానికి బాగా వెనుకగా అమరి ఉన్నవి. వ్రేళ్ల నడుమ పలుచని తోలు పొర ఉన్నది. నీటిని తెడ్డువలె వెనుకకు నెట్టడానికి ఇంతకంటె చక్కని అమరిక లేదు. నేలమీదికి వచ్చేసరికి ఆ అమరికే దానికి భారమవుతున్నది. నీటికోసం పుట్టిన ఆ కాలును తెచ్చి మనము పెరటి గచ్చుమీద నిలబెట్టినప్పుడు ఏమి జరుగునో విద్యార్థులు తెలుసుకోదగినది.

నిజామాబాదు, బోధన్ ప్రాంతాలవారికి బాతు కొత్త పక్షి కాదు. మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగర్ ఈ మెట్టభూములకు కాలువ నీరు తెచ్చినది. వరి, చెరకు పెరిగినవి. కోస్తా జిల్లాలనుండి వచ్చిన రైతులు వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల ‘క్యాంపులు’ కట్టుకొని స్థిరపడినారు. కోతలు ముగిసిన వరిమళ్లలోనికి బాతుల మందలను తోలుకొని సంచారులు వస్తారు. పగలంతా ఆ పక్షులు రాలిన గింజను, నత్తను, పురుగును, నీటిమొక్కను ఏరుకొని తింటవి. రాత్రికి గట్టుమీద వల చుట్టిన దొడ్డిలో ముడుచుకొని పడుకొంటవి. వాటికి ఎవరూ మందు పెట్టరు, మేత తూచరు. అయినా ఆ బురదలో రోజంతా తిరుగగల కాళ్లు వాటికి ఉన్నవి.

కొన్ని సంవత్సరాల క్రితం నేను బోధన్ ప్రాంతంలో ఒక పాఠశాలలో పనిచేస్తుండగా, ఆరవ తరగతి పిల్లవాడు ఒకడు గంపలో రెండు బాతుపిల్లలను పెట్టుకొని తరగతికి వచ్చినాడు. ఊరిమీదుగా పోయిన మందవారివద్ద కొన్నవట. ఒకటి మూడు వారాలది, మరొకటి అంతకంటె పెద్దది. పెద్దదాని కాళ్లు విల్లువలె వంగి, మడమ కీళ్లు ఉబ్బి ఉన్నవి. చిన్నది నాలుగడుగులు వేసి కూలబడుతున్నది.

“సార్, గివి లేస్తలేవు. మా నాయనమ్మ దిష్టి తగిలిందంటున్నది” అన్నాడు.

ఏమి పెట్టుచున్నావని అడిగినాను. “నూకలు, మక్క గటుక. కడుపు నిండా పెడుతున్న సార్” అన్నాడు. వాని కంటిలో నీరు తిరిగినది. ప్రేమకు కొరత లేదు, మేతకు కొరత లేదు, మరి లోపమెక్కడ?

పట్టణంలోని పశువైద్యుడు చూచి, ఇది దిష్టి కాదు, నయాసిన్ అనే విటమిన్ లోపమని చెప్పినాడు. ‘బి’ కుటుంబానికి చెందిన ఈ విటమిన్ అవసరం బాతుపిల్లకు కోడిపిల్లకంటె ఎంతో ఎక్కువ. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1994లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం గుడ్లజాతి కోడిపిల్లకు కిలో మేతలో 27 మిల్లీగ్రాముల నయాసిన్ చాలును. బాతుపిల్లకు 55 మిల్లీగ్రాములు కావలెను. ప్రాణులు సాధారణంగా ట్రిప్టోఫాన్ అనే మాంసకృత్తుల అంశంనుండి కొంత నయాసిన్‌ను తమ శరీరంలోనే తయారుచేసుకొంటవి. ఆ విద్యలో బాతు వెనుకబడినది. వరిమడిలో పురుగు, నత్త దాని లోటు తీర్చుచున్నవి. పెరటిలో వట్టి నూకలు, మక్కలు తినే పిల్లకు ఆ దారి మూసుకొనిపోయినది. శరీరం వేగంగా బరువెక్కుచుండగా కాలు ఆ బరువును మోయలేక వంగిపోవును.

పక్షి కాలు మనిషికి పాఠం చెప్పుట ఇది మొదటిసారి కాదు. పందొమ్మిదవ శతాబ్దం చివర జావాలోని బటావియాలో క్రిస్టియాన్ ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధికి కారణం వెదకుచుండెను. ప్రయోగశాలలోని కోళ్లు ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడి పడిపోయినవి. కొన్నాళ్లకు వాటంతట అవే కోలుకొన్నవి. విచారించగా తేలినదేమంటే, ఆ మధ్యకాలంలో వాటికి సైనిక వైద్యశాల వంటశాలలో మిగిలిన తెల్లని అన్నం పెట్టినారు. కొత్తగా వచ్చిన వంటవాడు, సైనికుల అన్నం కోళ్లకేమిటని నిరాకరించినాడు. తిరిగి ముడిబియ్యం పడగానే కోళ్లు లేచినవి! బియ్యంపై పొరలో, అనగా మనము తవుడని తీసివేసే భాగంలో, ప్రాణాధారమైనదేదో ఉన్నదని అట్లు బయటపడినది. అది థయమిన్ అని తరువాత తెలిసినది. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానంలో భాగం లభించినది. థయమిన్ వేరు, నయాసిన్ వేరు. కోడికి నరములు దెబ్బతిన్నవి, బాతుకు ఎముకలు, కీళ్లు వంగినవి. అయినా నీతి ఒక్కటే: కడుపు నిండినంత మాత్రాన శరీరం నిండదు.

ఈ నయాసిన్ కథ మన దక్కను పీఠభూమికి మరింత దగ్గరగా వచ్చినది. జొన్నరొట్టె, జొన్నగటుకలే ప్రధానాహారమైన పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించెడిది. ఎండ తగిలే మెడ, చేతులు నల్లబడి బిరుసెక్కును; విరేచనాలు పట్టును; ముదిరితే మతి చలించును. 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కుక్కలలో ఇటువంటి వ్యాధిని నయాసిన్‌తో నయం చేసి దాని మూలం చూపినాడు. మొక్కజొన్నలోని నయాసిన్ చాలవరకు శరీరానికి అందని రూపంలో బంధింపబడి ఉండును. జొన్న సంగతి చిత్రమైనది: అందులో నయాసిన్ తెల్లబియ్యంలో కంటె తక్కువేమీ కాదు. మరి జొన్న తినేవారికి ఈ వ్యాధి ఏల? కూనూరునుండి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకంఠయ్య ఈ చిక్కును పట్టుకొన్నారు. జొన్నలో అధికంగా ఉన్న ల్యూసిన్ అనే అంశం శరీరంలో నయాసిన్ తయారీకి అడ్డు తగులుచున్నదని వారు 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రతిపాదించినారు. తరువాతివారు కొందరు దీనితో ఏకీభవించలేదు. కాని తినే గింజలో ఏమున్నదో కాదు, శరీరానికి ఏది అందుచున్నదో చూడవలెనన్న మాట నిలిచినది. ఆ పరిశోధనాలయమే 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది.

వైద్యుడు చెప్పిన చికిత్స సులువైనది: మేతలో ఎండిన ఈస్ట్ పొడి, తాగే నీటిలో నయాసిన్. చక్కెర తీయగా మిగిలిన చెరకు మడ్డి మీద ఈస్ట్‌ను పెంచుతారు. 1937లో స్థాపితమై 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారాన్ని ఎరిగిన బోధన్ పిల్లలకు మడ్డి వాసన పరిచయం చేయనక్కరలేదు. తెల్లని చక్కెరను వేరుచేసి మనము పక్కకు నెట్టిన ఆ నల్లని ద్రవం మీద పెరిగే సూక్ష్మజీవి, బాతు కాలికి బలమిచ్చుచున్నది. తవుడులోను, వేరుశెనగ చెక్కలోను కూడ నయాసిన్ ఉన్నది. తవుడులోనిది పూర్తిగా అందదు గనుక దానినొక్కదానినే నమ్ముకొనరాదు. బూజు పట్టిన చెక్కగాని, మక్కలుగాని పెట్టనేరాదు. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషానికి బాతుపిల్ల అతి త్వరగా బలియగును.

మేత సరిగా ఉన్నా, నిలిచే చోటు సరిగా లేకున్న కాలికి కీడు తప్పదు. నునుపైన కాగితం పరచిన పెట్టెలో పెంచిన పిల్లల కాళ్లు జారి పక్కలకు విడిపోవును. గచ్చుమీద, కంకరమీద తిరిగే పెద్ద బాతుల అరికాలు ఒరసి చిట్లును. ఆ చీలికలో స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి చేరును. అరికాలు వాచి, నడుమ నల్లని పెచ్చు కట్టును. పసుపు మార్కెట్టుకు పేరుపొందిన నిజామాబాదులో గాయమనగానే పసుపు అద్దుట సహజమే. కాని పైన అద్దిన పసుపు లోపల గడ్డకట్టిన చీమును చేరలేదు. తొలిదశలోనే పక్షిని మెత్తని గడ్డిమీదికి మార్చి, కాలు శుభ్రంగా కడిగి, వైద్యునికి చూపవలెను. ఇంట్లో కత్తితో కోయుట ప్రమాదం. మరొక మాట: కోడిని పట్టినట్లు బాతును కాళ్లు పట్టి ఎత్తరాదు. ఆ కాళ్లు సున్నితమైనవి, విరుగును. రెండు చేతులతో రెక్కలతో సహా ఒడలిని పట్టి ఎత్తవలెను.

కుంటు ప్రతిదీ నయాసిన్ లోపమే కాదు. సున్నము, విటమిన్ ‘డి’ చాలకున్నా ఎముక వంగును. దెబ్బ తగిలినా, కీలులో చీము చేరినా పక్షి కుంటును. అందుచేత ముందు అడుగవలసిన ప్రశ్నలు రెండు: ఏమి తినుచున్నది? ఎక్కడ నిలుచుచున్నది?

ఆ పిల్లవాని చిన్న బాతు పదిరోజులలోపల లేచి నడిచినది. పెద్దదానికి ఆలస్యమైనది, వంగిన ఎముక తిరిగి చక్కబడలేదు. వాడు దానిని విడిచిపెట్టలేదు. పెరటిలో వరిగడ్డి పరచి, ఒక పాత తొట్టిని నేలలో పాతి నీరు నింపినాడు. ఆ నీటిలో ఉన్నంతసేపు అది కుంటిదని ఎవరికీ తెలియదు. సంవత్సరాంతాన ఒకనాడు వాడు నాకు ఒక గుడ్డు తెచ్చి ఇచ్చి, “సార్, గా వంకర కాళ్లదే పెట్టింది” అన్నాడు.

మధ్యాహ్న భోజనానికి వరుసగా కూర్చున్న పిల్లల పళ్లెములవైపు చూచినప్పుడెల్లా నాకు ఆ రెండు బాతులు గుర్తుకు వస్తవి. అన్నం ఎంత పెట్టినామని లెక్క వ్రాసుకొనుట తేలిక. ఆ అన్నంతోపాటు పప్పు, ఆకుకూర, గుడ్డు పడినవా అని చూచుటకు మరికొంత శ్రద్ధ కావలెను. ఆలస్యమైన శ్రద్ధ కొన్నిటిని చక్కదిద్దలేదని ఆ పెద్ద బాతు కాళ్లు చెప్పుచునే ఉన్నవి.