సెల్‌ఫోను టవరు వంతులు వేయు విధము

మాచర్ల, గురజాల ప్రాంతములందు బోరు మోటారును సెల్‌ఫోనుతో నడపు రైతులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "ఆపుమని మీట నొక్కినను మోటారు ఒక్కొక్కప్పుడు వెంటనే ఆగదేమి?"

ఒక కాలువ నీటిని పలువురు పంచుకొనునట్లు, ఒక టవరు తన కాలమును తన చుట్టునున్న ఫోనులన్నిటికిని పంచవలెను. 1967లో సాగరు కుడికాలువకు నీరు వదలిన నాటినుండి వంతు అనగా నేమో మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. నాల్గవ తరము టవరు సెకనుకు 1000 మార్లు వంతులు నిర్ణయించును. తూము తెరచిన నీరు పారుట నిశ్చయము. (చివరి భూములవారు ఈ మాటకు నవ్వుదురు గాబోలు!) గాలిలోని దారి యట్లు కాదు. కొండ చాటైనను, లారి అడ్డమైనను, ఫోను నాలుగడుగులు జరిగినను మారిపోవును.

అందుచే ప్రతి ఫోనును తన దారి యెట్లున్నదో 0 మొదలు 15 వరకు గల యొక అంకెతో టవరునకు తెలుపుచుండును. ఆ అంకె చేరులోపలనే దారి మారవచ్చును. అయినను టవరు నిశ్చయమునకై కాచుకొనదు. తొలిసారి పంపినవానిలో ఇంచుమించు 10కి ఒకటి చెడినను సరియే యను లెక్కతో పంపును. చెడినదానిని మరల పంపును. ఒక్కటియు చెడరాదన్నచో మిక్కిలి మెల్లగా పంపవలసివచ్చును. అది అందరికిని నష్టమే.

వంతు ఎవరికి ముందు? దారి బాగున్నవారికే ఇచ్చుచుండిన టవరు ప్రక్కనున్నవారే బాగుపడుదురు. 1993లో తాసియులస్, ఎఫ్రెమిడీస్ అను శాస్త్రజ్ఞులు ఒక సులభమైన పద్ధతి చూపిరి. ఆ క్షణమున దారి తెరచియున్నవారిలో ఎవరి బాకీ హెచ్చుగా పేరుకొన్నదో వారికి వంతు ఇయ్యవలెను. ఏ పద్ధతిచేతనైనను బాకీలు పెరిగిపోకుండ ఆపుట సాధ్యమైనచో, దీనిచేతను సాధ్యమగును. దారులు ఎంత తరచుగా మూసికొనునో ముందుగా తెలియనక్కరయే లేదు! వాడుకలోని టవరులు సాధారణముగా దీనికి చుట్టమైన లెక్క నొకదానిని అనుసరించి, ఇంతవరకు తక్కువ పొందినవారిని ముందునకు తెచ్చును.

ఈ వంతుల జాప్యము రెప్పపాటుకన్న తక్కువ గనుక రైతునకు తెలియదు. దారి బొత్తిగా మూసికొన్నప్పుడే వార్త దూరపు కేంద్రమున నిలిచిపోయి, కొంత సేపటికి మరల బయలుదేరును. "మోటారు ఆగినది" అని వచ్చు బదులును అట్లే ఆలస్యము కావచ్చును. అది పంపిన నాటి స్థితియే గాని చూచిన నాటి స్థితి కాదు. ఈలోపల కరెంటు పోయివచ్చి ఆటో స్టార్టరు మోటారును మరల నడపియుండవచ్చును. పాత వార్తలతో టవరు వంతులు వేయగలదు. తీగ ముట్టువాడు మాత్రము ఫోనును నమ్మక, స్టార్టరు పెట్టెవద్దకు పోయి మెయిను స్విచ్చిని తన చేతితో తీసి, ఫ్యూజులు ఊడదీసి దగ్గర నుంచుకొనిన పిమ్మటనే పని మొదలిడవలెను.