ఎవరి సిగ్గు ఎవరు మోస్తున్నారు?

తమిళనాడులోని ధర్మపురి జిల్లా కంబైనల్లూరు చుట్టుపక్కల తెలుగు చాలావరకు ఇంటి గడప దాటదు. పొయ్యి దగ్గర, పంచలో, జ్వరమొచ్చిన పిల్లాడి తల నిమిరేటప్పుడు తెలుగు. బడిలో, సంతలో, బస్సులో తమిళం. తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలివి. అందరి తెలుగుకూ ఒకే మర్యాద దక్కదు. పైకులాల ఇళ్లలో అది పాత ఘనతకు గుర్తు. అదే తెలుగు దళితుడైన అరుంధతీయ కుర్రాడి నోట హాస్టల్లో వినపడితే అతని కులం బయటపడుతుంది. అందుకే అమ్మ ఫోన్ చేస్తే వరండా చివరిదాకా వెళ్లి, గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడే పిల్లలున్నారు. పక్కన ఎవరైనా వస్తే మాట మధ్యలోనే తమిళంలోకి మారిపోతారు. అవతల అమ్మకు విషయం అర్థమవుతుంది. "సరే నాయనా, మళ్లీ చేస్తాలే" అని పెట్టేస్తుంది.

ఆ పిల్లవాడు చేసిన తప్పేమీ లేదు. అయినా దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ముడుచుకుపోతాడు. మానసిక వైద్యంలో జబ్బు చేసే సిగ్గు అని చెప్పుకునేది ఇలాంటిదాన్నే. సిగ్గంతా చెడ్డది కాదు. ఇచ్చిన మాట తప్పినప్పుడు, చిన్నపిల్లల మీద చేయి చేసుకున్నప్పుడు కలిగే సిగ్గు మనిషిని దారిలో పెడుతుంది. వెళ్లి క్షమాపణ అడిగితే, జరిగిన నష్టం పూడిస్తే తగ్గుతుంది. జబ్బు చేసే సిగ్గుకు ఆ దారి లేదు. "తప్పు చేశాను" అనే దగ్గర అది ఆగదు, "నేనే తప్పు" అనేదాకా లాక్కెళ్తుంది. పుట్టుకకూ, ఒంటి రంగుకూ, పేదరికానికీ, తన మీద జరిగిన దౌర్జన్యానికీ మనిషి ఎవరికి క్షమాపణ చెప్పుకోవాలి?

ఇది తన పేరు చెప్పుకుని ఆస్పత్రికి రాదు. చీటీ మీద ఉండేది తలనొప్పి, గుండెదడ, కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం. కొందరిలో కోపమై బయటికొస్తుంది. భార్య ఒక్క మాట అనగానే కంచం విసిరేసే మగవాడి కోపం అడుగున చాలాసార్లు ఉండేది తాను పనికిరానివాణ్నన్న భయమే. అంతమాత్రాన ఆ కొట్టడానికి, తిట్టడానికి క్షమ దొరకదు, కానీ మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. కొందరిలో అతి మంచితనంగా కనపడుతుంది. ఎవరేం అడిగినా కాదనలేని కోడలు, తొంభై ఎనిమిది మార్కులొచ్చినా పోయిన రెండింటి కోసం అన్నం మానేసే అమ్మాయి. ఇక తాగుడు సంగతి ఊరందరికీ తెలిసిందే. తాగినందుకు సిగ్గు, ఆ సిగ్గు మరవడానికి మళ్లీ తాగుడు.

కౌన్సెలింగ్ గదిలో దీన్ని పట్టించేది మాటల కంటే ముఖం. అంతసేపూ కళ్లలోకి చూసి మాట్లాడుతున్న మనిషి ఒక విషయం దగ్గరికి రాగానే చూపు నేలకు దించుతుంది. చెయ్యి నోటి మీదికి వెళ్తుంది. భుజాలు లోపలికి ముడుచుకుంటాయి. ఏడవాల్సిన చోట చిన్న నవ్వు వస్తుంది. "అదేం పెద్ద విషయం కాదులెండి మేడం" అని మాట మారుస్తుంది. కొందరు ఒక రోజు ధైర్యం చేసి అంతా చెప్పేస్తారు, మరుసటి వారం రారు. తగ్గిపోయి మానేశారనుకుంటే పొరపాటు. చెప్పినందుకే సిగ్గుపడి మానేస్తారు. అనుభవమున్నవాళ్లు అందుకే ఆ రోజే ముందుగా చెబుతారు: "ఇంటికెళ్లాక ఎందుకు చెప్పానా అనిపిస్తుంది, వచ్చే వారం రాబుద్ధి కాదు. అందరికీ అలాగే ఉంటుంది. అయినా రండి." ఈ నాలుగు మాటలు ఎన్నో మందుచీటీల కంటే విలువైనవని నా నమ్మకం.

వైద్యులకే ఇది చాలాకాలం అంతుపట్టలేదు. అమెరికా మనస్తత్వవేత్త హెలెన్ బ్లాక్ లూయిస్ దగ్గరికి, మనోవిశ్లేషణ చికిత్స పూర్తయి నయమైందనుకున్న కొందరు తిరిగొచ్చారు. ఈసారి తమను తాము మునుపటికంటే ఎక్కువగా తిట్టుకుంటున్నారు. ఆమె చికిత్స సంభాషణల రాతప్రతులు తీసి మాట మాటా చదివితే అడుగడుగునా సిగ్గు కనపడింది. చెప్పేవాళ్లూ దాని పేరెత్తలేదు, వినేవాళ్లూ గమనించలేదు. పైగా, ఒకరు తన లోపాలన్నీ విప్పి చెబుతుంటే మరొకరు కుర్చీలో కూర్చుని తూకం వేయడమే కొత్త సిగ్గును పుట్టిస్తోంది. 1971లో ఆమె రాసిన పుస్తకం తర్వాతే ఈ విషయం మీద గట్టిగా పని మొదలైంది.

బ్రిటన్‌లో పాల్ గిల్బర్ట్ మరో సంగతి గమనించారు. తర్కంతో ఆలోచనలను సరిదిద్దే చికిత్సలో రోగులు, "నా తప్పు లేదని తెలుసు, కానీ అలా అనిపించడం లేదు" అనేవారు. తమకు తాము చెప్పుకునే ధైర్యపు మాటలను మనసులో ఏ గొంతుతో వింటున్నారో పైకి అలాగే అనమని ఆయన అడిగారు. మాటలు మంచివే, గొంతు మాత్రం కసిరే గొంతు. "నీకేం కాదు, ధైర్యంగా ఉండు" అన్న మాటనే చీదరగా అంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ గొంతు ఎవరిదని నెమ్మదిగా వెతికితే తండ్రిదో, పంతులుదో, అత్తదో అయి ఉంటుంది. కరుణ ప్రధానమైన చికిత్సను ఆయన కట్టింది ఈ గమనింపు మీదే. ఊపిరి నెమ్మదించడం దగ్గర్నుంచి, ఇదే బాధ స్నేహితురాలికి వస్తే ఏమంటావో అదే మాట అదే గొంతుతో నీకు నువ్వు చెప్పుకో అనేదాకా అందులో ఉన్నవన్నీ సాధన చేసే పనులే. తేలిగ్గా కనపడతాయి కానీ, మొదట్లో చాలామందికి దయ అంటేనే భయం. ఎన్నడూ దక్కనిదాన్ని నమ్మడం కష్టం.

మన ఇళ్లలో పిల్లల్ని పెంచడానికి అందరూ తేలిగ్గా వాడే పనిముట్టు సిగ్గు. "నలుగురూ ఏమనుకుంటారు" అన్న మాట వినకుండా పెరిగిన తెలుగువాళ్లు అరుదు. ఆ నలుగురి భయాన్ని వ్యాపారంగా వాడినవాళ్లూ ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు అలాగే సాగాయి. కంతు కట్టలేని ఆడమనిషి గుమ్మం ముందు గుంపులోని తోటి ఆడవాళ్లనే కూర్చోబెట్టేవారు. ఆత్మహత్యలు వరుసగా బయటపడ్డాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు ఇంటి దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోట్లలోనే జరగాలంది. అప్పు లెక్కల కంటే ముందు గుమ్మం ముందటి అవమానాన్ని ఆపాలని చట్టానికి తోచింది. అది సరైన వైద్యదృష్టి కూడా.

సిగ్గు ఒకరిది, మోత ఇంకొకరిది అని ధర్మపురి జిల్లాకు చెప్పనక్కర్లేదు. కంబైనల్లూరు ఉన్న ఈ జిల్లాలోనే, సిత్తేరి కొండల కింద వాచ్చాత్తి ఉంది. 1992 జూన్ 20న గంధపు చెక్క దాచారంటూ అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ ఆదివాసీ ఊరి మీద పడ్డారు. 18 మంది స్త్రీల మీద అత్యాచారం జరిగింది. 1995లో హైకోర్టు చెబితే తప్ప కేసు సిబిఐ చేతికి వెళ్లలేదు. ఆ స్త్రీలు నోరు మూసుకోలేదు. ఏళ్ల తరబడి కోర్టుకు నడిచారు, జరిగింది జరిగినట్టు చెప్పారు. నిందితులు 269 మంది. 2011 సెప్టెంబర్ 29న ధర్మపురి కోర్టు తీర్పిచ్చేనాటికి 54 మంది చనిపోగా, మిగిలిన 215 మందికీ శిక్ష పడింది. 2023 సెప్టెంబర్ 29న మద్రాసు హైకోర్టు దాన్ని ఖాయం చేసి, బాధితులకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వమంది. 2024లో ఫ్రాన్స్‌లో అత్యాచార బాధితురాలు జిజేల్ పెలికో తన ముఖం దాచుకోనని, విచారణ అందరి ముందే జరగాలని పట్టుబట్టినప్పుడు ప్రపంచమంతా నిలబడి చప్పట్లు కొట్టింది. సిగ్గుపడాల్సింది తాము కాదని నిలబడే పని వాచ్చాత్తి ఆడవాళ్లు అప్పటికి మూడు దశాబ్దాల కిందటే మొదలుపెట్టారు.

మనవైపు వాకపల్లి కథ అలా ముగియలేదు. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని విశాఖ మన్యంలోని ఆ ఊరి 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టింది, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలంది. 16 ఏళ్లు నిలబడి చెప్పినవాళ్ల చేతికి చివరికి వచ్చిందది. ఇలాంటి చోట కౌన్సెలర్ చేయకూడని పని ఒకటుంది: "జరిగింది మరిచిపోండమ్మా" అనడం. సిగ్గు మోపినవాళ్లు దర్జాగా తిరుగుతుంటే, మోస్తున్నవాళ్లకు సర్దుకుపోవడం నేర్పడాన్ని నేను చికిత్స అనలేను. నమ్మానని స్పష్టంగా చెప్పాలి, లాయరు దగ్గరికీ సంఘం దగ్గరికీ తోడు వెళ్లేవాళ్లను చూపించాలి. అది కూడా వైద్యంలో భాగమే.

ఆత్మహత్యాయత్నం విషయంలో చట్టం కొన్ని ముళ్లు తీసింది. చావబోయి బతికిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి ఆదుకోవాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక చావబోవడాన్నే నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు. అయినా ఇళ్లలో ఇంకా "పొరపాటున పురుగుల మందు తాగాడు" అనే చెబుతారు. దాంతో వాడికి కడుపు కడిగి పంపిస్తారు, మనసు సంగతి ఎవరూ అడగరు. ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, బెంగళూరు నిమ్హాన్స్‌కు పొద్దున బయల్దేరి వెళ్లొచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ముఖం చూపించకుండా మొదటి మాట చెప్పుకునే వీలు సిగ్గుపడే మనిషికి పెద్ద ఆసరా.

ఇక్కడ ఇంకా కావలసింది తెలుగు వచ్చిన కౌన్సెలర్లు. చదువు తమిళంలో సాగినా దెబ్బలు, తిట్లు, లాలింపు తెలుగులో అందుకున్నవాళ్లు ఇక్కడి తెలుగు కుటుంబాలవాళ్లు. అందులోనూ అరుంధతీయ వాడల నుంచి వచ్చిన ఆడపిల్లలకు, మగపిల్లలకు ఈ శిక్షణ ఇప్పించాలి. తమిళనాడు 2009లో అరుంధతీయులకు 3 శాతం లోపలి కోటా ఇచ్చింది, ఇలాంటి లోపలి కోటాలు చెల్లుతాయని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తేల్చింది. దాన్ని ఈ ఉద్యోగాలకు వాడుకోవడానికి అడ్డేమీ లేదు. తమ ఊరి పేరు, వీధి పేరు చెప్పగానే ఎదుటివాళ్ల కనుబొమలు ఎలా కదులుతాయో చిన్నప్పటి నుంచీ చూస్తూ వచ్చినవాళ్లు, కౌన్సెలింగ్ గదిలోకి రాగానే ముందు చదివేది కౌన్సెలర్ ముఖాన్నే.